ముప్ఫై ఒకటో నంబరు ఆవు

ఫిబ్రవరి 3

ఈ రోజు బస్టాపులో ఒక పెద్దాయన నన్ను తిట్టాడు. "ఏమ్మా, నాలుగు నెలల్నుంచి అయిపూ అజా లేవు? నీ బదులు వచ్చినవాడు బ్రేకు వేస్తే మా నడుములు విరుగుతున్నాయి," అన్నాడు. చేతికర్రతో నేలమీద రెండుసార్లు కొట్టాడు కూడా.

సెలవులో ఉన్నానండీ అన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. నిజం చెప్పాలంటే చాలా చెప్పాలి. ఏడో నంబరు బస్సు నడిపింది మా అక్క అని, మేం కవలలమని, అది నాకంటే పదకొండు నిమిషాలు పెద్దదని, అక్టోబరులో డిపో మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ తాగుతూ పక్కకి ఒరిగిపోయిందని, నాకు సైకిలు కూడా సరిగా రాదని. అవతల బస్సు వచ్చేస్తోంది. అంత తీరిక ఎక్కడిది? పైగా ఆయన ముఖం వెలిగిపోయింది. "తొందరగా వచ్చెయ్ తల్లీ," అన్నాడు. అలాగేనండీ అన్నాను.

పొగమంచులో బస్సు ముందు దీపాలు రెండు కనబడ్డాయి. తర్వాత ఎప్పటికో బస్సు కనబడింది.

అబద్ధమేం కాదు. సెలవే.

ఫిబ్రవరి 5

అమ్మ నా పని గురించి అడిగింది. పన్నెండేళ్ళలో ఇదే మొదలు. ఎవరైనా అడిగితే "పశువుల దగ్గర ఏదో ఉద్యోగం" అని సరిపెట్టేసేది. ఇవాళ కుట్టుమిషను ఆపి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, వివరంగా చెప్పమంది.

చెప్పాను. ఆవు అండం ఒకటి తీసుకుంటాం. వెంట్రుక కంటే సన్నని గాజు సూదితో దాని లోపలి గింజని లాగేస్తాం. ఆ ఖాళీలో ఇంకో ఆవు చర్మంలోంచి తీసిన కణాన్ని పెడతాం. చిన్న కరెంటు తగిలిస్తే రెండూ కలిసిపోతాయి. అదృష్టం బాగుంటే అది పిండమవుతుంది. దాన్ని వేరే ఆవు కడుపులో పెడతాం. పుట్టే దూడ, చర్మం ఇచ్చిన ఆవుకి అచ్చు.

"అచ్చంటే?"

"అచ్చు గుద్దినట్టు. కవలల్లాగే అనుకో. కాకపోతే ఒకరు ముందు పుడతారు, ఇంకొకరు ఎన్నో ఏళ్ళ తర్వాత."

"చర్మం ఎంత కావాలి?"

"పెసరగింజంత."

"నొప్పా?"

"మత్తుమందు రాస్తాంలే."

అమ్మ తలూపింది. దారం పంటితో తెంపి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. పొద్దుపోక అడిగినట్టుంది. కిటికీలోంచి ఎండ సూది మీద పడి, సూది కిందికీ మీదికీ పోతున్నప్పుడల్లా గోడ మీద ఒక వెలుగు చుక్క పరిగెత్తింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 6

స్కాను వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. వచ్చే వారం అన్నాను.

ఫిబ్రవరి 11

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ గిన్నెలు సర్దుతూ, వస్తూ వస్తూ సబ్బు తెమ్మన్నంత మామూలుగా, "దాన్ని మళ్ళీ తెద్దామే," అంది.

"ఎవర్ని?"

"పెద్దదాన్ని."

అమ్మ మమ్మల్ని ఎప్పుడూ అలాగే పిలిచింది. అది పెద్దది, నేను రెండోది. చిన్నది అని కూడా కాదు. చిన్నది అంటే కాస్త గారం ఉంటుంది. రెండోది అంటే లెక్క మాత్రమే.

"పెసరగింజంత చర్మం చాలన్నావుగా," అంది.

"అక్కది ఇప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తామమ్మా?"

"నీ ఒంటి మీద ఉందిగా." గిన్నె పక్కన పెట్టి నా మోచెయ్యి పట్టుకుంది. చెయ్యి తడిగా, చల్లగా ఉంది. "చిన్నప్పుడు పుస్తకం చూపించి నువ్వే చెప్పావు, ఒక్క గింజే రెండు ముక్కలైందని. ఒకే తాను గుడ్డ మీరిద్దరూ. దాని చర్మం వేరు, నీ చర్మం వేరూనా?"

 అది నిజం. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, నాకీ ఆలోచన రాలేదు. మా అమ్మ, ఎనిమిదో తరగతితో చదువు మానేసి స్కూలు పిల్లల యూనిఫాములు కుట్టే మనిషి, ఆరు రోజుల్లో పట్టేసింది.

"మనుషుల్ని అలా చెయ్యకూడదమ్మా. చట్టం ఒప్పుకోదు."

"చట్టానిదేం పోయింది? దాని కూతురు పోయిందా?"

"పుట్టేది పసిపిల్ల. అక్క కాదు. అక్కకి అంత పెద్ద బస్సు నడపడం వచ్చు. దీనికి పాలు తాగడం కూడా రాదు."

"నేర్పుతా. ఒకసారి నేర్పలేదూ?"

"ఏమని పిలుస్తావు దాన్ని? మూడోది అనా?"

నవ్వుతుందనుకున్నాను. నిజంగానే ఆలోచించింది. "పెద్దది అనే పిలుస్తా," అంది.

నాకంటే ముప్ఫై ఆరేళ్ళు చిన్నదైన పెద్దది.

నాకు కోపం రాలేదు.

ఫిబ్రవరి 12

కోపం రాలేదని రాశాను. నిజంగానే రాలేదు. అమ్మ దాన్ని మళ్ళీ తెమ్మంటున్నప్పుడు నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను, అంతే. అదే ముఖం, అదే గొంతు, అదే ఎడమ బుగ్గ సొట్ట. కాదు, దానిది కుడి బుగ్గ. అద్దంలో చూసుకుంటే సరిపోతుంది.

ఫిబ్రవరి 17

డిపో వాళ్ళు అక్క బీరువా ఖాళీ చేయమన్నారు. వెళ్ళాను. చలిగా ఉంటే దాని యూనిఫాం కోటు వేసుకున్నాను. ఇంట్లో చేతికి దొరికింది అదే.

గుమాస్తా నన్ను చూసి లేచి నిలబడిపోయాడు. చేతిలో పెన్ను కింద పడింది. "మీరు... చెల్లెలు కదూ," అన్నాడు. బీరువాలో ఒక దువ్వెన, ఒక జత చెప్పులు, చల్లని చేతులకి రాసుకునే నూనె సీసా, ఒక పిల్లంగ్రోవి. పిల్లంగ్రోవి ఎవరిదని అడిగాను. "ఆవిడదే. సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు వాయించేది. మీకు తెలీదా?" అన్నాడు.

తెలీదు. ముప్ఫై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం.

తిరిగి వచ్చేటప్పుడు ఏడో నంబరు ఎక్కి డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చున్నాను. పెద్ద అద్దంలోంచి ఊరంతా మెల్లగా మా మీదికి తేలివస్తోంది. చెట్లు, గొడుగులు, మెరిసే తడి రోడ్డు. అక్క రోజూ ఇది చూసేదన్నమాట. చెరువు అడుగున కూర్చుని పైకి చూస్తున్నట్టుంది. ఒకావిడ దిగబోతూ నా దగ్గర ఆగింది. చంకలో పిల్ల. "ఆ రోజు నేను పరిగెత్తుకొస్తుంటే బస్సు ఆపారు గుర్తుందా? ఆస్పత్రికి టైముకి చేరాం. ఇదిగో, ఇదే," అని పిల్లని చూపించింది.

"ఫర్లేదమ్మా. బాగుందా పాప?" అన్నాను.

నా గొంతు కాదు అది. అంత నిదానంగా నేను మాట్లాడను.

ఆవిడ దిగి వెళ్ళిపోయాక కూడా చాలా స్టాపులు సంతోషంగా ఉన్నాను. కోటు వెచ్చగా ఉంది.

ఫిబ్రవరి 20

పెద్ద విషయమేం కాదు. భోజనం వేళ ల్యాబులో ఎవరూ లేరు. మత్తు లేపనం రాసుకుని, ఎడమ చెయ్యి లోపలివైపు నుంచి పెసరగింజంత తీశాను. చిన్న ముక్కలు చేసి గాజు పళ్ళెంలో, కణాలు పెరగడానికి వాడే గులాబీరంగు నీళ్ళలో ఉంచి వెచ్చని పెట్టెలో పెట్టాను. ఆ పెట్టెలో అన్నీ ఆవుల పళ్ళేలే. పేరు రాయకపోతే బాగుండదు. మా దగ్గర ముప్ఫై ఆవులున్నాయి. ముప్ఫై ఒకటి అని రాశాను.

ఊరికే చూద్దామని. ఎవరి చర్మం వాళ్ళు చూసుకోవడం నేరమా?

ఫిబ్రవరి 21

స్కాను వాళ్ళు. వచ్చే వారం.

ఫిబ్రవరి 28

పాకుతున్నాయి.

మొదట చర్మం ముక్క అంచు నుంచి ఒకటి బయటికి వచ్చింది, తలుపు సందులోంచి తొంగి చూసినట్టు. తర్వాత రెండు, పది. ఈ రోజు పళ్ళెం సగం నిండింది. సన్నగా, పొడుగ్గా, ఒకదాని పక్కన ఒకటి ఒరిగి, నీళ్ళలో చేపల గుంపు ఒకేవైపు తిరిగినట్టు. ఎన్ని వేల ఆవుల కణాలు చూశానో. ఇంత అందంగా ఎప్పుడూ కనపడలేదు. మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తేసరికి మెడ పట్టేసింది, గంటన్నర అయిపోయింది.

ఒకటి నా కళ్ళముందే గుండ్రంగా ముడుచుకుని, నడుం దగ్గర సన్నబడి, రెండయింది. వాటిలో ఏది పెద్దది?

అమ్మకి చెప్పాను. చెప్పకూడదనే అనుకున్నాను. కాని ఈ మధ్య అమ్మ రెండు ముద్దలు తిని లేచిపోతోంది. చెప్పగానే మళ్ళీ వడ్డించుకుంది.

"ఎవరు మోస్తారే?" అంది.

"ఏమో."

"ఇంకెవరు, నువ్వే. పరాయి కడుపులో ఎందుకు పెడతాం?"

మధ్యాహ్నం పడుకున్నాను. నా కడుపులో అక్క బస్సు నడుపుతోంది. మలుపుల దగ్గర చాలా నెమ్మదిగా తిప్పుతోంది, నాకు నొప్పి కలగకుండా. లేచేసరికి దిండు తడిగా ఉంది. కలలో బాధేమీ లేదు మరి.

మార్చి 2

కొండ మీది పాడి కేంద్రంలో పోయిన ఏడాది జబ్బు వచ్చి మందకి మంద పోయింది. ఒక్క ఆవు బతికింది. దానికి ఆ జబ్బు అంటనే లేదు. దాని అచ్చులే మేం చేస్తున్నది. మా పెద్దసారు ఈ ఆవు గురించి మాట్లాడేటప్పుడు సొంత బిడ్డ గురించి మాట్లాడినట్టే ఉంటుంది. "ఇలాంటివి పది నిలబడితే చాలు. ఆ కొండ మీద పిల్లలు మళ్ళీ పాలు తాగుతారు," అంటాడు. ఆయన చెప్పేది నిజం. కీర్తి కోసం చేసే మనిషి కాదు.

ఈ రోజు రెండు దూడలు పుట్టాలి.

మొదటిది కడుపు కోసి తియ్యాల్సి వచ్చింది. మామూలు దూడకి ఒకటిన్నర రెట్లు ఉంది. మా డాక్టరమ్మ మోచేతుల దాకా రక్తంతో దాన్ని గడ్డి మీదికి లాగి, ముక్కులోంచి జిగురు తీసి, ఛాతీ నొక్కి, నోటికి గొట్టం పెట్టి ఇరవై నిమిషాలు పెనుగులాడింది. ఊపిరితిత్తులు విచ్చుకోలేదు. నాలుక నోట్లో పట్టనంత లావుగా ఉంది. కళ్ళు మాత్రం తెరిచింది. చాలా అందమైన కళ్ళు. నన్నే చూసిందని రాయను. ఎటో చూసింది.

"ఎన్ని పెట్టాం మనం?" అంది డాక్టరమ్మ కూలబడి.

"నూట ఇరవై అండాలు. పందొమ్మిది కడుపుల్లో పెట్టాం. నాలుగు నిలిచాయి. రెండు ఇక్కడిదాకా వచ్చాయి."

"నీ చెయ్యి మంచిదని అందరూ అంటారు. నీ చేతికే ఇన్ని పోతే, మిగతావాళ్ళ సంగతేంటి?"

రెండోది సాయంత్రం తనంతట తానే పుట్టింది. వణుకుతూ నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పోయిన దూడని మోసిన ఆవు, కుట్లు వేస్తున్నంతసేపూ మెడ చాచి దాన్ని నాకుతూనే ఉంది. ఎంత లాగినా వదల్లేదు.

మార్చి 3

దూడల సంగతి అమ్మకి చెప్పలేదు. చెప్పేలోపే లేత పసుపు గుడ్డ పరిచి చిన్న గౌను కత్తిరిస్తూ కనపడింది. గౌను చేతులు నా బొటనవేలంత ఉన్నాయి.

"పెద్దదానికి పసుపంటే ఇష్టం," అంది.

ఆ పుట్టబోయేదానికి నీలం ఇష్టమైతే? అడగలేదు. జవాబు నాకు తెలుసు. ముప్ఫై ఆరేళ్ళుగా విన్నాను. పెద్దది నీ అంత వాగేది కాదు. పెద్దది నీలా ముక్కు చీదేది కాదు. పెద్దదయితే ఈపాటికి లేచి ఉండేది. అక్క బతికుండి పక్కనే ఉంది కాబట్టి నాకు సర్దుకుపోయింది. ఇద్దరం ఒకరి ముఖాలొకరం చూసుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ పిల్ల ఎవరి ముఖం చూసి నవ్వుతుంది?

నా ముఖమా?

మార్చి 4

అయినా కొందరికి మొదటిసారే కుదురుతుంది. నా చెయ్యి మంచిది.

మార్చి 9

పెద్దసారు పిలిచాడు. ఆయన గది ఎప్పుడూ గడ్డివాసన వేస్తుంది. బల్ల మీద నా పళ్ళెం ఉంది.

"మనకి ముప్ఫై ఒకటో ఆవు ఎప్పుడొచ్చిందమ్మా?"

 కిటికీ బయట ఎవరో బకెట్లో నీళ్ళు పోస్తున్నారు. ఆ చప్పుడు చాలా స్పష్టంగా వినబడింది.

"నావి సార్."

"నీవా, మీ అక్కవా?"

"రెండూ ఒకటే సార్."

"ఒకటే అయితే ఇంకొకటి ఎందుకమ్మా?"

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను అమ్మ గురించి చెప్పాను, పసుపు గౌను గురించి చెప్పాను, మొత్తం చెప్పాను. చిన్నపిల్లలా ముక్కు చీదాను. అంతా విన్నాడు.

"ఇది నేను పై కమిటీకి రాయాలి. రాస్తాను. దాచి నీకు మేలు చెయ్యలేను," అన్నాడు. తర్వాత ఇంకో మాట అడిగాడు. "ఏ ఆవు నుంచయినా చర్మం తీసేముందు మనం ఏం చేస్తాం?"

"పరీక్షలు. ఏ జబ్బూ లేదని తేలాకే."

"మీ అక్క ఎలా పోయిందో నాకు తెలుసు. మెదడులో నరం ఉబ్బి పగిలింది. ఇద్దరిదీ ఒకటే అంటున్నావు. నీకు పరీక్ష చేశారా?"

నేను పళ్ళెం వైపు చూశాను.

"ఆవుకి చేసే పాటి నీకు నువ్వు చేసుకోలేదా తల్లీ?" అన్నాడు.

మార్చి 10

ఇది ఉన్నదున్నట్టు రాయాలి.

పొద్దున అమ్మ మిషను దగ్గరుంది. నేను ఎదురుగా కూర్చుని అన్నీ ఒక్కబిగిన చెప్పాను. నూట ఇరవైలో ఒకటి అని చెప్పాను. నోట్లో పట్టని నాలుక గురించి చెప్పాను. అమ్మ తొక్కుతూనే ఉంది.

"ఆవుల సంగతి వేరు," అంది.

"మనుషులకి ఇంకా ఘోరంగా ఉంటుందమ్మా. ఆ ఒక్కటీ పుట్టేలోపు ఎన్నిసార్లు పోతుందో తెలీదు. అన్నిసార్లూ పెద్దది పోయినట్టే కదా?"

మిషను కొంచెం నెమ్మదించింది. ఆగలేదు.

"పుట్టినా, అక్క తలలో ఉన్నది దాని తలలోనూ ఉండొచ్చు. అదే వయసుకి అదే రావచ్చు. అందుకే నన్ను కూడా స్కాను చేయించుకోమన్నారు."

"ఎవరు?"

"ఆస్పత్రి వాళ్ళు. అక్టోబరు నుంచి ఫోన్లు చేస్తున్నారు."

మిషను ఆగిపోయింది. పసుపు గుడ్డలో సూది సగం దిగి ఉంది.

"నిన్నెందుకు?" అంది అమ్మ.

"ఒకే తాను గుడ్డ కదమ్మా."

అమ్మ నా వైపు చూసింది. ఎలా రాయను? ఈ నాలుగైదు నెలల్లో అమ్మ నన్ను చూడలేదని కాదు. చూసినప్పుడల్లా నా ముఖంలో ఏదో వెతికేది, సందూకులో పాతబట్టల కింద ఉన్న వస్తువు కోసం పైవన్నీ జరిపినట్టు. ఇవాళ వెతకలేదు. జరపలేదు. నా కళ్ళు, నా ముక్కు, నా జుట్టు ఒక్కొక్కటే చూసింది.

"నీకూ ఉందా?"

"తెలీదు."

"ఐదు నెలల్నుంచి పిలుస్తుంటే నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

అనకూడని మాట. అనేశాను. అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను, చెయ్యి అలాగే లేచింది. ఆ చెయ్యి నా నెత్తి మీద పడి, జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, పుర్రె అంతా తడిమింది. బయట నుంచే దొరుకుతుందేమో అన్నట్టు.

"పద," అంది. "చెప్పులేసుకో."

"ఇవాళ ఆదివారమమ్మా. స్కాను తెరవరు."

"అయితే గుమ్మంలో కూర్చుంటాం."

మార్చి 11

నిజంగానే ముందు మేమే వెళ్ళాం. తాళం తీసే మనిషి కంటే ముందు.

బల్ల మీద కూర్చుని అమ్మ నా చెయ్యి వదల్లేదు. గోడలు తెల్లగా ఉన్నాయి, లైట్లు తెల్లగా ఉన్నాయి, పాలలో కూర్చున్నట్టుంది. ఉన్నట్టుండి అమ్మ, "నువ్వు ఉన్నావని ఎవరికీ తెలీదు," అంది.

"ఎప్పుడు?"

"కడుపుతో ఉన్నప్పుడు. ఒక్కతే అన్నారు. అది పుట్టింది, స్నానం చేయించారు, నర్సు చేతులు కడుక్కుంటోంది. నేను ఇంకా నొప్పి అంటే, అయిపోయిందమ్మా, ఇంకేం నొప్పి అని కసిరింది. అప్పుడొచ్చావు. అందరూ ఉలిక్కిపడ్డారు. నిన్ను చుట్టడానికి గుడ్డ లేదు. నర్సు తన మెడలో రుమాలు తీసి చుట్టింది." నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. "నిన్ను ఎవరూ కోరుకోలేదే. కోరుకోవడానికి తెలిస్తే కదా. ఊరికే వచ్చావు. నవ్వాగింది కాదు నాకు. రక్తం పోతోంది, నవ్వుతున్నాను."

ఇంతవరకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు అడగలేదు," అంది.

ఇద్దరం నవ్వాం. పక్కనున్న వాళ్ళు తిరిగి చూశారు.

యంత్రం లోపల చాలా గోలగా ఉంటుందన్నారు. నాకు మాత్రం నీళ్ళ అడుగున ఎవరో తలుపు తడుతున్నట్టుంది.

మార్చి 13

ఉంది.

నరం మీద బుడగ, మూడు మిల్లీమీటర్లు. అక్కకి కుడివైపు, నాకు ఎడమవైపు. పొద్దుతిరుగుడు మొగ్గలా ఉంది ఫోటోలో. పగల్లేదు. తొడ దగ్గర నాళంలోంచి సన్నని తీగ తలదాకా పంపి, లోపల నుంచి మూసేస్తామన్నారు. నేను అండంలోకి సూది పంపినట్టే, నాలోకి ఎవరో పంపుతారన్నమాట. చెయ్యి మంచివాళ్ళేనా అని అడిగాను. డాక్టరుకి అర్థం కాలేదు.

అక్క పోకపోతే నా తలలోకి ఎవరూ తొంగి చూసేవారు కాదు.  దీన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

మార్చి 16

కమిటీ ముందు కూర్చున్నాను. ఆరు నెలలు సూది పట్టుకోకూడదు, దూడల కొట్టంలో పనిచెయ్యాలి. పెద్దసారు రాసిన కాగితంలో ఒక్క మాట కూడా పెంచలేదు, ఒక్క మాట కూడా తగ్గించలేదు. సంతకం పెట్టాను.

పళ్ళెం నన్నే తీసి పారెయ్యమన్నారు. డాక్టరమ్మ సాక్షిగా నిలబడింది.

చివరిసారి చూడొచ్చా అని అడిగాను. చూడమంది. పళ్ళెం నిండిపోయింది, ఖాళీ అనేదే లేదు. అక్క అనుకుని చూశాను. కాదు. నేననుకుని చూశాను. అదీ కాదు. మా ఇద్దరిలో ఎవరికీ తెలియని వాళ్ళెవరో, ఇంకా ఎవరూ కానివాళ్ళు. అక్కకి పిల్లంగ్రోవి ఉందని ఈ చేపల గుంపుకి తెలీదు. నేను బస్టాపులో అబద్ధమాడానని తెలీదు.

మందు పోశాను. గులాబీ నీళ్ళు నెమ్మదిగా రంగుపోయి తెల్లబడ్డాయి. అంతే, చప్పుడు కూడా లేదు.

"బాధగా ఉందా?" అంది డాక్టరమ్మ.

"తెలీదు. భయంగా మాత్రం లేదు."

మార్చి 20

కొట్టంలో దూడ నా చొక్కా నములుతుంది. దానికి చర్మమిచ్చిన ఆవు చాలా నెమ్మదస్తురాలని, చెట్టుకి కట్టేసినట్టు కదలదని పాడి కేంద్రం వాళ్ళు చెప్పారు. ఇది మూడు గోడలు గుద్దింది, రెండు బకెట్లు తన్నింది. పొద్దున దాని మూపురం దగ్గర తల ఆనించి నిలబడ్డాను. ఊపిరి కొంచెం గురగురమంటోంది. డాక్టరమ్మ మందులిస్తోంది. నిలబడుతుందో లేదో ఎవరూ చెప్పరు. అది మాత్రం నిలబడే ఉంది.

ఇంటికి వచ్చేటప్పుడు బస్టాపులో కర్ర పెద్దాయన. "సెలవు అయిపోలేదా ఇంకా?" అన్నాడు.

"ఆవిడ మా అక్కండీ. అక్టోబరులో పోయింది. నేను చెల్లెల్ని. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. బస్సు వచ్చింది, ఎక్కలేదు. నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. అక్క ఎలా నడిపేదో, వానలో గుంతలు ఎలా తప్పించేదో, ఒకసారి ఆయన గొడుగు మర్చిపోతే మర్నాడు ఎలా తెచ్చి ఇచ్చిందో చెప్పాడు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి.

మార్చి 28

రేపు ఆపరేషను. అమ్మ సంచి సర్దింది. నాలుగుసార్లు సర్దింది.

ఏప్రిల్ 1

ఇవి ఇరవై తొమ్మిదో తారీకు సంగతులు. అప్పుడు రాయడానికి చెయ్యి లేవలేదు.

కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం. తెర మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. అంతా అయిపోయిందనీ, బుడగ మూసుకుపోయిందనీ నర్సు చెప్పింది. "ఆరు గంటలు కదలకూడదు. కాలు కదపొద్దు, తల కదపొద్దు," అని రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

అమ్మ పక్కన కుర్చీలో ఉంది. నేను పైకప్పు మాత్రమే చూడగలను. అమ్మ ముఖం కనపడదు, ఊపిరి వినపడుతుంది.

"నొప్పా?" అంది.

"లేదు."

"నిజంగా?"

"కొంచెం."

అమ్మ ఊపిరి నెమ్మదించింది. నిద్రపోయిందేమో అనుకున్నాను. అప్పుడు, ఎవరికో చెప్తున్నట్టు, మెల్లగా అంది.

"పెద్దది పోయిందే."

ఐదు నెలల్లో అమ్మ ఆ మాట అనడం ఇదే మొదలు. డిపో నుంచి మనిషి వచ్చి చెప్పినప్పుడు అనలేదు, ఊరంతా వచ్చినప్పుడు అనలేదు. ఇంట్లో లేదు అనేది. రాలేదు అనేది. ఇప్పుడు అంది. అన్నాక కుర్చీ కిర్రుమంది, నా మంచం అంచు బరువెక్కింది. అమ్మ తల నా అరచేతి మీదికి వచ్చింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొంతు వచ్చింది. అంత పెద్ద ఏడుపు ఆ చిన్న మనిషిలో ఎక్కడ దాగి ఉందో తెలీదు. తడి నా వేళ్ళ సందుల్లోంచి దుప్పటిలోకి ఇంకుతోంది.

అవునమ్మా, పోయింది, అన్నాను.

తల కదపకూడదన్నారు. కదపకుండానే ఏడ్చాను.